ఒంటిపూట బడి, మండే స్లాబు

బడులు తెరిచిన రెండో వారం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు ఒక హైస్కూల్లో మధ్యాహ్నం మూడు దాటింది. కొత్త గది. గోడలకు మెరిసే రంగు, ఆకుపచ్చ బోర్డు, నాలుగు ఫ్యాన్లు, ట్యూబులైట్లు, బెంచీలు, దేనికీ లోటు లేదు. పిల్లల చొక్కాలు మాత్రం వీపులకు అతుక్కుపోయాయి. లెక్కల మాస్టారు సగం లెక్కలో సుద్దముక్క కింద పెట్టేసి, "పదండ్రా" అంటూ తరగతినంతటినీ పక్కనున్న పాత పెంకుల బిల్డింగు వసారాలోకి నడిపించారు. ఆ వసారా గోడ మీద ఎర్రరంగుతో పెద్దక్షరాలు: "శిథిల భవనం. ప్రవేశం లేదు." నేను వాటికేసి చూడటం గమనించి ఆయనే అన్నారు: "ఆ స్లాబు కింద లెక్క చెప్తే నాకే తప్పు పోతంది బాబూ. ఇంక పిల్లల సంగతేటి?"

పడిపోతుందని రాసిపెట్టిన చోట పిల్లలు స్థిమితంగా కూర్చున్నారు. లక్షలు పోసి కట్టిన చోట కూర్చోలేకపోయారు. ఈ తిరకాసు ఎక్కడ మొదలైందా అని అప్పటినుంచీ ఆలోచిస్తున్నాను.

పర్యావరణహిత పాఠశాల అనగానే మనకు సోలార్ పలకలు, పాత టైర్లలో పెంచిన పూలమొక్కలు, ప్రహరీ మీద "చెట్లు నాటండి" బొమ్మ గుర్తొస్తాయి. ఉంటే మంచిదే, ఎవరూ వద్దనరు. కానీ గది ఉడుకుతుందా, గాలి ఆడుతుందా, తుపానుకు కప్పు నిలుస్తుందా అన్నది పునాది తియ్యకముందే, డ్రాయింగు కాగితం మీదే తేలిపోతుంది. ఆ కాగితం మన దగ్గర సాధారణంగా ఒక్కటే. ఇచ్ఛాపురం ఇసుక నేలకీ, గజపతినగరం మెట్ట నేలకీ, సీతంపేట కొండకీ అదే టైపు డ్రాయింగు. ఊరిని బట్టి మారేది అంచనా మొత్తం, బోర్డు మీద పేరు.

ముందు నెత్తిమీద ఉన్న స్లాబు సంగతి చూద్దాం. శ్రీకాకుళం, విజయనగరం రెండూ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. అంటే మే నెల మధ్యలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ వేళ ఎండ గోడలకు తగలదు, మొత్తం కప్పు మీదే పడుతుంది. నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు ఆ వేడిని తాగుతుంది గానీ వెంటనే కిందికి వదలదు. పైన తాకిన వేడి కిందివైపుకు దిగడానికి ఇంచుమించు మూడు గంటలు పడుతుంది. పన్నెండింటి ఎండ మూడింటికి లోపలికి వస్తుందన్నమాట. బయట ఎండ తగ్గుముఖం పట్టే వేళకి లోపల సీలింగు కాలిన పెనంలా తయారవుతుంది. ఫ్యాను ఏం చేస్తుంది? ఆ పెనం కిందున్న గాలినే పిల్లల మీదికి తోస్తుంది. ఆఖరి రెండు పీరియడ్లలో పిల్లలు పాఠం వినరని టీచర్లు విసుక్కుంటారు. సగం తప్పు స్లాబుది.

పెంకుల కప్పు ఇలా ఉండదు. పెంకు పలచన, త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది. పెంకుకీ పెంకుకీ మధ్య సందులుంటాయి. వేడిగాలి పైకెక్కి, ఎత్తుగా ఉన్న నడికొప్పు దగ్గర ఆ సందుల్లోంచి జారుకుంటుంది. అలాగని పాతదంతా బంగారం అనబోవడం లేదు. పెంకులు కారతాయి, కోతులు పీకేస్తాయి, దూలాలకు చెదలు పడతాయి, తేళ్లు దిగుతాయి. ఏటా వానలకు ముందు పెంకు నేయించాలి, ఆ పని తెలిసినవాళ్లు ఊరికొకరు దొరకడమే గగనం. పూరి పాకల సంగతి ఇంకా భయంకరం. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో వంటగది నుంచి లేచిన నిప్పు గడ్డికప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు కాలిపోయారు. ఆ తర్వాత బడి అంటే స్లాబే ఉండాలన్న పట్టుదల పెరగడంలో అర్థముంది. స్లాబు వెయ్యడంలో తప్పు లేదు. వేసి, నల్లబడేదాకా దాని మొహం చూడకుండా వదిలేయడంలో ఉంది.

దీనికున్న మందు నవ్వొచ్చేంత చవక: తెల్లసున్నం. తెల్లటి కప్పు ఎండను చాలావరకు వెనక్కి తిప్పికొడుతుంది. గదిలో వేడి రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా తగ్గినట్టు దేశంలో వేర్వేరు చోట్ల కొలతలు చెబుతున్నాయి. అహ్మదాబాద్ 2017లోనే పేదల ఇళ్ల మీద ఈ పని మొదలుపెట్టింది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. ఎండ ముదరకముందు, మార్చి మొదట్లో, చీపురుతో స్లాబు శుభ్రంగా కడిగి, బంక కలిపిన సున్నం రెండు పూతలు వేస్తే ఆ ఎండాకాలానికి సరిపోతుంది. వానలకు కొట్టుకుపోతుంది, మళ్లీ మార్చిలో వెయ్యాలి. కొత్తగా కట్టేటప్పుడైతే స్లాబు మీద ఇటుకముక్కల కాంక్రీటు వేసి, పైన తెల్ల పెంకు పరిస్తే ఏటేటా ఈ పని తప్పుతుంది. అంచనా కుదించాల్సి వస్తే ముందు కోసేది ఈ పొరనే. ఒకసారి మేస్త్రిని అడిగాను కూడా. "ఎస్టిమేట్లో ఉన్నదే కడతాం బాబూ, నేనేటి సేత్తాను" అన్నాడు. నిజమే, వాడేం చేస్తాడు.

ఇక్కడొక విడ్డూరం చెప్పుకోవాలి. 2009 విద్యాహక్కు చట్టం బడికి ఉండాల్సినవాటిలో ఒకటిగా చెప్పింది, అన్ని కాలాలకూ పనికొచ్చే భవనం. మనమేమో ఏటా మార్చి నడుమ నుంచి ఒంటిపూట బడులు పెడతాం. పొద్దున్న ఏడూ ముప్పావుకి గంట, పన్నెండున్నరకి ఇంటికి. పిల్లలకిది పండగే, మా చిన్నప్పుడు మాకూ పండగే. లెక్క వేస్తే మాత్రం ఏప్రిల్ చివరి దాకా ప్రతి మధ్యాహ్నం ఆ భవనాన్ని మూసేస్తున్నాం. అన్ని కాలాల భవనం ఎండాకాలం మధ్యాహ్నాలకు పనికిరాదని మనమే ఏటా ఉత్తర్వు ఇచ్చి మరీ ఒప్పుకుంటున్నాం.

కప్పు అయింది. మరి కిటికీలు తెరిస్తే గాలి రాదా? ఆ కొత్త గదికి కిటికీలు లేక కాదు. బడి తూర్పుముఖంగా ఉండాలని ఊరంతా పట్టుబట్టింది. గదులన్నీ ఒక వరసగా కట్టి, తూర్పున వసారా వదిలారు. దాంతో వెనక గోడ, దానికున్న కిటికీలు మొత్తం పడమటికి పడ్డాయి. రెండు దాటాక ఏటవాలు ఎండ నేరుగా వెనక బెంచీల మీదికి వస్తుంది. పిల్లలు లేచి కిటికీ మూసేస్తారు. ఎండ ఆగుతుంది, దాంతోపాటు గాలీ ఆగుతుంది. పైన స్లాబు, పక్కన మూసిన కిటికీ, మధ్యలో నలభై మంది.

దిక్కు విషయంలో మన ప్రాంతానికి సూత్రం తేలికే. పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకు, పొట్టి గోడలు తూర్పు పడమరలకు రావాలి. ఎందుకంటే దక్షిణపు ఎండను చిన్న సన్‌షేడ్‌తో ఆపొచ్చు. ఏప్రిల్ మధ్యలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఎనభై డిగ్రీల పైన ఉంటాడు. రెండడుగుల సన్‌షేడ్ పదమూడు అడుగుల లోతుకు నీడ వేస్తుంది, అంటే కిటికీ మొత్తం నీడలోనే. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలి 48 డిగ్రీల ఎత్తులో ఉంటాడు కనక అదే సన్‌షేడ్ రెండడుగుల పైచిలుకే నీడ ఇస్తుంది, చలికాలపు ఎండ లోపలికి కాస్త వస్తుంది. ఒకే సన్‌షేడ్ రెండు కాలాలకూ రెండు పనులు చేస్తోంది. పడమటి ఎండ దీనికి లొంగదు. అది సన్‌షేడ్ కిందుగా దూరి వస్తుంది. దాన్ని ఆపాలంటే చెట్టో, తడకో, నిలువు చట్రమో అడ్డం ఉండాలి. వాస్తు పట్టింపు ఉన్నవాళ్లకు దారి లేకపోలేదు. సింహద్వారం తూర్పున ఉన్న పొట్టి గోడకు పెట్టుకుని, గదులను ఉత్తర దక్షిణాలకు తిప్పుకోవచ్చు. ద్వారం తూర్పుకే ఉంటుంది, పిల్లలూ కాలరు.

మన జిల్లాల ఎండకు ఇంకో గుణం ఉంది. అనంతపురంలో ఎండ పొడిగా కొడుతుంది. మనకు సముద్రపు తేమ తోడవుతుంది, చెమట పడుతుంది గానీ ఆరదు. అందుకే ఇక్కడ మందపాటి గోడల కంటే ఒంటిమీదుగా పోయే గాలే ఎక్కువ పనిచేస్తుంది. జాతీయ భవన నియమావళి కూడా తేమ వేడి ప్రాంతాల్లో కిటికీల వైశాల్యం నేల వైశాల్యంలో ఆరో వంతు ఉండాలంటుంది, పొడి వేడి ప్రాంతాల్లోనైతే పదో వంతు చాలంటుంది. ఇరవై అడుగుల చదరం గది అంటే 400 చదరపు అడుగులు. ఆరో వంతు 67. నాలుగడుగుల చదరపు కిటికీలు నాలుగుంటే 64, కాగితం మీద దాదాపు సరిపోయింది. కానీ ఇప్పుడు పెడుతున్నవి పక్కకు జరిపే అల్యూమినియం కిటికీలు. ఒక తలుపు ఎప్పుడూ రెండోదాని వెనక ఉంటుంది కాబట్టి తెరుచుకునేది సగమే. 64 కాస్తా 32 అయింది. పాతకాలపు రెండు రెక్కల చెక్క కిటికీ పూర్తిగా తెరుచుకునేది. కొత్తది అందంగా ఉందని సంబరపడ్డాం, గాలిలో సగం పోగొట్టుకున్నాం.

గాలి ఆడకపోతే ఉక్కపోత ఒక్కటే కాదు బాధ. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకు 420 పాళ్లు ఉంటుంది. తలుపులు కిటికీలు మూసిన గదిలో నలభై మంది పిల్లలు కూర్చుంటే అది వెయ్యి దాటడానికి పట్టుమని పది నిమిషాలు చాలు. ఆ వాయువు అంత మోతాదులో విషం కాదు గానీ, గదిలో గాలి మారడం లేదని చెప్పే గంట అది. ఒకరు దగ్గితే పదిమందికి అంటుకునేది, పిల్లలు ఆవలించేది ఆ గాలిలోనే. ఏసీ పెడితే సరి అనుకునే ప్రైవేటు బడులకు ఈ చిక్కు ఇంకా ఎక్కువ. మామూలు స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే చల్లబరిచి తిప్పుతుంది, బయటి గాలిని తేదు. చల్లగా ఉంటుంది, పిల్లలు మాత్రం జోగుతుంటారు. పర్యావరణహిత భవనమన్న సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించి గోడకు తగిలించిన బడిలోనూ ఇది చూశాను.

ఇంతవరకు చెప్పింది రెండు జిల్లాలకూ వర్తిస్తుంది. తీరానికి వస్తే లెక్క మారుతుంది. శ్రీకాకుళానికి 193 కిలోమీటర్ల తీరం ఉంది. 2013 అక్టోబరు 12న పైలిన్ తుపాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి ఇటు ఉద్దానాన్ని కొట్టింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడి విజయనగరం, శ్రీకాకుళాలనూ ఊపేసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను పడుకోబెట్టింది. మూడూ అక్టోబరు రెండో వారంలోనే, దసరా చుట్టుపక్కలే. ప్రతిసారీ ఊళ్లో జనం తలదాచుకునేది బడిలోనే. కాబట్టి తీరంలో బడి అంటే చదువుల గది మాత్రమే అనుకుని కడితే కుదరదు. ఇక్కడ గంటకు 180 కిలోమీటర్ల గాలిని లెక్కలోకి తీసుకుని కట్టాలని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. అంత గాలి కప్పును కిందికి నొక్కదు, పైకి లాగుతుంది. రేకుల షెడ్డు లేచిపోయేది అందుకే, ఒక్కోసారి రేకు కింది పట్టీతో సహా ఊడిపోతుంది.

మన మత్స్యకార పల్లెల్లో చుట్టిల్లు కట్టినవాళ్లకు ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. గుండ్రటి గోడ, శంకులాంటి తాటాకు కప్పు, నేలదాకా వంగిన చూరు. గాలికి పట్టు దొరికే మూల ఒక్కటీ ఉండదు, పక్కలనుంచి జారిపోతుంది. బడిని చుట్టిల్లులా కట్టమనడం లేదు. మూలలు తగ్గించడం, చూరు మరీ ముందుకు పొడవకుండా చూడటం, కప్పును గోడకీ గోడను పునాదికీ ఇనుముతో కట్టేయడం అనే బుద్ధి అందులోంచి తీసుకోవచ్చు.

గాలి ఒక రోజు కొట్టిపోతుంది. ఉప్పు రోజూ తింటుంది. కళింగపట్నం, భావనపాడు వైపు బడుల్లో సీలింగు పెచ్చులు ఊడి తుప్పు చువ్వలు కనబడటం చూడనివాళ్లు తక్కువ. ఉప్పుగాలి కాంక్రీటులోకి దిగి చువ్వను చేరితే చువ్వ తుప్పుపట్టి ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును బద్దలు కొడుతుంది. కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 తీరప్రాంతంలో చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పి ఉండాలని, మిశ్రమం బలం కనీసం ఎం30 గ్రేడు అయి ఉండాలని చెబుతోంది. లోపలి మండలాల్లో ఇంట్లో గదికి 20 మిల్లీమీటర్లు సరిపోతుంది. టైపు డ్రాయింగు గీసినవాడి మనసులో లోపలి ఊరుంటే, తీరంలో ఆ గది పదేళ్లకే పెచ్చులు రాల్చడం మొదలుపెడుతుంది. దానికితోడు సముద్రపు ఇసుక కలిపితే, కొత్త కాంక్రీటును తడుపుతూ నీళ్లు పట్టడం మూడు రోజుల్లో ఆపేస్తే, చెప్పేదేముంది. పర్యావరణం అంటే ఇదీ పర్యావరణమే: యాభై ఏళ్లు నిలవాల్సినది పదిహేనేళ్లకే కూల్చి మళ్లీ కడితే దానికి పోసిన సిమెంటు రెండింతలు. ఓపీసీ అనే మామూలు సిమెంటు బస్తా ఒక్కటి తయారవడానికి నలభై కిలోల పైనే కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. ప్రపంచం మొత్తం వదిలేదాంట్లో సిమెంటు వాటా ఎనిమిది శాతం దాకా ఉంది.

కట్టుబడి సామాన్ల విషయంలో మనకు చేతికందేవి చాలా ఉన్నాయి. పరవాడ సింహాద్రి విద్యుత్ కేంద్రం బూడిదతో చేసిన ఇటుకలు దొరుకుతాయి, సారవంతమైన పొలం మట్టిని కాల్చనక్కర్లేదు. టెక్కలి వైపు రాతికి కొదవ లేదు. చవక కట్టడాల వాస్తుశిల్పి లారీ బేకర్ ప్రచారం చేసిన ఎలుకబోను కట్టుబడిలో ఇటుకను నిలబెట్టి మధ్యలో ఖాళీ వదులుతారు. పాతిక శాతం దాకా ఇటుక మిగులుతుంది, ఆ ఖాళీ వేడిని కూడా ఆపుతుంది. స్లాబులో కాంక్రీటు అంతగా పనిచెయ్యని అడుగుభాగంలో పాత పెంకులు పేర్చి పోసే పద్ధతి ఇంకొకటి. తాపీమేస్త్రులకు నేర్పితే వారంలో పట్టుకుంటారు. ఇంతకీ అన్నిటికంటే పచ్చటి భవనం ఇప్పటికే నిలబడి ఉన్నది. మొదట చెప్పిన పాత పెంకుల బిల్డింగు గోడలు రాయీ సున్నంతో కట్టినవి, చెక్కుచెదరలేదు. పాడైంది కప్పు మాత్రమే. గోడ మీద ఎర్రక్షరాలు రాయడానికి పది నిమిషాలు పడుతుంది. గోడ బాగుందో లేదో ఇంజనీరు వచ్చి చూడటానికి మాత్రం ఏళ్లు పడుతోంది.

కంటికి కనిపించనివి రెండు. సిమెంటు రేకుల్లో సాధారణంగా ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఏ రకం ఆస్‌బెస్టాస్ అయినా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది. రేకు కదలకుండా ఉన్నంతసేపు ప్రమాదం తక్కువ, కోసినా తొలిచినా పగిలినా దాని దుమ్ము ప్రమాదం. తుపాను తర్వాత పగిలిన రేకుముక్కలను పిల్లలచేత ఏరించడం చూస్తుంటాం. దయచేసి ఆపండి. పెద్దవాళ్లు తడిపి, దుమ్ము లేవకుండా తియ్యాలి. రెండోది రంగులో సీసం. 2017 నవంబరు నుంచి ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లకు 90 పాళ్లు) దాటకూడదన్న నియమం అమల్లో ఉంది. డబ్బా మీద ఆ మాట ఉందో లేదో చూసుకోవాలి. పాత రంగు గీకేటప్పుడు తడిపి గీకాలి, బడి నడిచే రోజుల్లో గీకకూడదు. వంటషెడ్డు పొగ గురించి ఒక్క మాటే: గ్యాసు లేనిచోట కనీసం గాలివాలున కట్టండి, తరగతి కిటికీ ముందు కాదు.

నీటి దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో ఏళ్లుగా ఎందరినో పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు ఫలానాదే కారణమని పరిశోధకులు ఇప్పటికీ ఒక్కమాట మీదికి రాలేదు. ఎండలో పనిచేస్తూ నీళ్లు తక్కువ తాగడం అనుమానాల్లో ఒకటి. ఇక బడికి రండి. గది మండుతుంది, చెమట కారుతుంది, నీళ్లు ఎక్కువ తాగాలి. మరుగుదొడ్డికి నీళ్లు రావు, తలుపుకు గడియ లేదు. ఆడపిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగడమే మానేస్తారు, తల్లులను అడగండి చెబుతారు. కప్పు, గాలి, మరుగుదొడ్డి, కిడ్నీ వేర్వేరు ఫైళ్లలో ఉంటాయి, పిల్ల ఒంట్లో మాత్రం ఒక్కటే. హిరమండలం నుంచి వంశధార నీళ్లు తెచ్చే పథకం 2023 డిసెంబరులో మొదలైంది. ఆ కుళాయి బడి దొడ్డిదాకా వచ్చిందా అన్నది చూసుకోవాల్సింది మనమే. ఆర్వో యంత్రమున్న బడుల్లో అది తోసేసే నీళ్లను కాలవలోకి వదలకుండా మరుగుదొడ్డి ట్యాంకుకు కలిపితే సగం కరువు తీరుతుంది. వాననీటి లెక్క కూడా చెబుతాను: ఏడాదికి 1100 మిల్లీమీటర్లకు అటూఇటూ పడే వాన 2000 చదరపు అడుగుల స్లాబు మీద పడితే, వృథా పోగా చిక్కేది లక్షా అరవై వేల లీటర్లు. తెల్లగా కడిగిన స్లాబు దీనికీ పనికొస్తుంది.

ఇదంతా ఎవరు అడగాలి? విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు. బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది ఆ కమిటీయే. 2019లో మొదలైన, ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం పనుల్లో తల్లిదండ్రుల కమిటీలే ఖర్చుపెట్టి పని చేయించాయి, కాబట్టి సిమెంటు బస్తా లెక్క వాళ్లకు కొత్త కాదు. అయితే వాళ్ల చేతికి డబ్బు వచ్చింది, డ్రాయింగు రాలేదు. సంతకం పెట్టేముందు అడగాల్సిన ప్రశ్నలు పెద్ద చదువు చదవనక్కర్లేనివి: కిటికీలు ఏ దిక్కుకు పడుతున్నాయి? పూర్తిగా తెరుచుకుంటాయా? స్లాబు మీద ఏం వేస్తున్నారు? చువ్వ మీద ఎంత మందం? నీళ్లెన్నాళ్లు పడతారు?

ఈ ఏడాది ఫిబ్రవరి చివర్లో మళ్లీ ఆ హైస్కూలు మీదుగా వెళ్లాల్సొచ్చింది. స్లాబు మీద ఇద్దరు కుర్రాళ్లు చీపుర్లతో సున్నం పూస్తున్నారు, కమిటీ చైర్‌పర్సన్ కింద నిలబడి "ఆ మూల ఒగ్గేసినారు" అని అరుస్తోంది. పడమటి కిటికీలకు అడుగు దూరంలో కర్రలు పాతి తాటాకు తడకలు కట్టారు, ఎండ పడటం లేదు, కిటికీలు తెరిచే ఉన్నాయి. తడకల వెనక వరసగా నాటిన కానుగ మొక్కలు మోకాలెత్తున ఉన్నాయి. వసారా గోడ మీద ఎర్రక్షరాలు అలాగే ఉన్నాయి. వాటి కింద అన్నం పళ్లేలు ఆరబెట్టారు.